1986 నాటి 30 అడుగుల ఆఫ్‌షోర్ బోటు, వెనక రెండు వి6 ఔట్‌బోర్డ్లు: ఇంజన్లు ఉంచాలా, మార్చాలా?

గల్ఫ్‌గాలి (తాంపా, ఫ్లోరిడా)

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. పోయిన నెల సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర ఒక పెద్దాయన ఇంటి వెనక పదకొండేళ్ళుగా ట్రైలర్ మీదే ఉండిపోయిన బోటు కొన్నాను. 1986లో ఫ్లోరిడాలో కట్టింది, 30 అడుగులు, అడుగు లోతైన వీ ఆకారంలో ఉండే డీప్ వీ హల్, ముందు భాగమంతా పొడుగాటి డెక్కు, వెనక గోడకు బయట తగిలించిన (ఔట్‌బోర్డ్) రెండు 200 హార్స్‌పవర్ వి6 టూ-స్ట్రోక్ ఇంజన్లు, అంటే పెట్రోలుతో నూనె కలిసి కాలే పాత రకం. తయారీ కంపెనీ పేరు రాయను, ఇప్పుడు దాంతో పని లేదు.

మాది ఖమ్మం. సముద్రం చూసిందే ఇంజనీరింగ్‌లో ఉండగా. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఒక సాయంత్రం పాస్-ఏ-గ్రిల్లె దగ్గర నిలబడి ఉంటే ఇలాంటి బోటే ఒకటి అలల మీంచి ఎగిరెగిరి పోయింది, ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటి నుంచీ ఎప్పటికైనా ఇలాంటిది ఒకటి కొనాలని.

ప్రశ్న ఏంటంటే, ఈ పాత ఇంజన్లు బాగు చేయించుకోనా, లేక తీసేసి రెండు కొత్త ఫోర్-స్ట్రోక్‌లు పెట్టుకోనా? డబ్బు ఒక్కసారే పెట్టగలను. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

మిచిగాన్ బాబాయ్

బోటుకు అభినందనలు తమ్ముడూ. కానీ నువ్వు రెండో ప్రశ్న ముందు అడిగావు. ఇంజన్ల సంగతి తర్వాత, వాటిని మోసే ట్రాన్సమ్, అంటే బోటు వెనక గోడ, ఎలా ఉంది? ముప్పై ఐదేళ్ళు దాటిన బోట్లలో వెనక గోడ లోపల ఉండేది ప్లైవుడ్. రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క. చెక్కలోకి నీళ్ళు దిగితే బయటికి ఏమీ తెలియదు, పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం పుచ్చిపోయి ఉంటుంది.

ఇంజన్లు పైకి ఎత్తి, ఒక్కోదాని అడుగు భాగం మీద నీ బరువు వేసి మెల్లగా పైకీ కిందికీ ఊపు. ఇంకొకరిని బ్రాకెట్ ట్రాన్సమ్‌కు ఆనే చోట చూస్తూ ఉండమను. గోడ ఏమాత్రం కదిలినా, బోల్టుల చుట్టూ జెల్‌కోట్‌లో (పైనుండే మెరుపు పూతలో) వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించినా అక్కడే ఆగిపో. తర్వాత ప్లాస్టిక్ తల ఉన్న సుత్తితో గోడంతా అడుగు అడుగునా కొట్టుకుంటూ పో. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. గట్టి చోట టక్కుమంటుంది, పుచ్చిన చోట బొదబొదమంటుంది. ఈ పనికి ఒక గంట చాలు. అది చేసి రా, ఇంజన్ల గురించి తర్వాత మాట్లాడదాం.

గాల్వెస్టన్ కెరటం

బాబాయ్ చెప్పింది నిజమే, కానీ ఇంజన్ల మీద నా మాట ఇప్పుడే చెప్పేస్తాను. కొత్తవే పెట్టుకోండి. కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లో పావు వంతు దాకా పెట్రోలు కాలకుండానే నీళ్ళలో కలుస్తుంది. అందుకే కాలిఫోర్నియా సరిహద్దులోని లేక్ టాహో సరస్సులో 1999 నుంచే వాటిని ఆపేశారు. ఫుల్ స్పీడులో ఈ కాలపు ఇంజన్లకు ఒక లెక్క ఉంది, హార్స్‌పవర్‌లో పదో వంతు ఎంతో గంటకు అన్ని గ్యాలన్లు. మీ 400కి గంటకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. ఇక తీరానికి ముప్పై మైళ్ళ దూరంలో ఇంజన్ ఆగితే పిల్లలతో ఏం చేస్తారు? నేను రెండేళ్ళ క్రితం మార్చాను, నెమ్మదిగా పోయేటప్పుడు పక్కన మనిషితో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మా ఆవిడ బోటెక్కడం మొదలుపెట్టిందే అప్పటి నుంచి.

మిచిగాన్ బాబాయ్

కెరటం గారూ, మీ మాట కాదనను. కానీ బరువు లెక్క చూడండి. ఆయన పాత వి6లు ఒక్కోటి 180 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. ఇప్పటి మెర్క్యురీ కంపెనీ 4.6 లీటర్ల వి8 ఫోర్-స్ట్రోక్, చాలామంది మార్చుకునేది అదే, తేలికైనదే 239 కిలోలు. రెండూ కలిపితే 120 కిలోలు ఎక్కువ. ఇద్దరు మనుషులు రాత్రీ పగలూ వెనక గోడకు వేలాడుతున్నట్టు లెక్క. 1986లో ఆ బోటు గీసినవాళ్ళు ఆ బరువు అనుకోలేదు. కాక్‌పిట్ నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు నీటి మట్టం కిందికి దిగుతాయి, అలలో వెనక్కి తగ్గితే నీళ్ళు లోపలికే వస్తాయి. 3.4 లీటర్ల వి6 అయితే 215 కిలోలు, అది కొంత నయం. ఏది పెట్టినా ముందు గోడ.

పాత నీళ్ళు

ఈ బోట్ల పుట్టుక తెలియకుండా ఇంజన్ల గురించి తేల్చకండి, నాది అదొక్కటే విన్నపం.

1956లో మయామీ నుంచి బహామాస్‌లోని నసావుకు మొదటి బోటు పందెం పెట్టారు, శామ్ గ్రిఫిత్ గెలిచాడు. 1960లో అదే పందెంలో సముద్రం బాగా రేగి ఉంది. బోట్ల డిజైనర్ రే హంట్ గీసిన చెక్క బోటు మాపీ, డిక్ బెర్ట్రామ్‌ది, సుమారు 8 గంటల్లో చేరింది, చాలా బోట్లు మరుసటి రోజు గానీ రాలేదు. కారణం అడుగు భాగం. అప్పటిదాకా బోట్ల అడుగు వెనక్కి వచ్చేసరికి బల్లపరుపుగా ఉండేది, అలల మీద పడితే నడుములు విరిగేవి. హంట్ ఆ వీ ఆకారాన్ని ముందు నుంచి వెనక ట్రాన్సమ్ దాకా సుమారు 24 డిగ్రీల వాలుతో అలాగే తెచ్చాడు, అల మీద పడ్డా కోసుకుంటూ దిగుతుంది. గల్ఫ్‌గాలి గారి బోటు అడుగు ఆ వంశానిదే.

ఆ పందెంలో రెండో స్థానం జిమ్ విన్‌ది. ఆయన అంతకుముందు మెర్క్యురీలో, దాన్ని స్థాపించిన కార్ల్ కీక్‌హేఫర్ దగ్గర పనిచేశాడు. 1958లో ఓలే బోట్వెడ్ అనే డేనిష్ బోట్ల తయారీదారుతో కలిసి 22 అడుగుల బోటులో, వెనక రెండే రెండు 50 హార్స్‌పవర్ జాన్సన్ ఔట్‌బోర్డ్లతో, కోపెన్‌హేగన్ నుంచి న్యూయార్క్ దాకా అట్లాంటిక్ దాటాడు. దారిలో ఒక సరకు ఓడ నుంచి పెట్రోలు తీసుకుంటూ పోయారు. ఔట్‌బోర్డ్ అంటే చెరువులో చేపలు పట్టుకునే ఇంజన్ అనుకునే రోజుల్లో అది. ఆ ముందు ఏడాదే, 1957లో, కీక్‌హేఫర్ తన కొత్త ఆరు సిలిండర్ల ఇంజన్లను ఫ్లోరిడాలో రహస్యంగా నడుపుకునే లేక్ ఎక్స్ మీద 25,000 మైళ్ళు రాత్రింబవళ్ళు ఆపకుండా తిప్పించాడు, నడుస్తున్న బోట్లలోకే పెట్రోలు అందించారు. నమ్మకం అలా కట్టుకుంటూ వచ్చారు.

1976లో మెర్క్యురీ బ్లాక్ మ్యాక్స్ వి6 వచ్చింది, 2 లీటర్లు, 175 హార్స్‌పవర్. నాకు ఇష్టమైన విషయం ఇది: 2 లీటర్లు, తర్వాత 2.4, తర్వాత పందేల్లో పేరు మోసిన 2.5, మూడింటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఒకటే, 2.65 అంగుళాలు. సిలిండర్ వెడల్పు మాత్రం 3.125 నుంచి 3.375కి, ఆపైన 3.5 అంగుళాలకు పెంచుకుంటూ పోయారు. బరువు పెద్దగా పెరగకుండా బలం పెరిగింది. 1980ల నడుమ ఓఎంసీ అనే ఇంకో కంపెనీ వాళ్ళు 3.6 లీటర్ల వి8 ఔట్‌బోర్డే దింపారు. అప్పటికి మయామీ ఉత్తరాన 188వ వీధి నిండా బోట్ల షెడ్లే. ఫార్ములా, డాంజీ, మాగ్నమ్, సిగరెట్, ఈ నాలుగూ డాన్ ఆరనో ఒక్కడే మొదలుపెట్టినవి. ఆయన్ను 1987 ఫిబ్రవరిలో అదే వీధిలో కాల్చి చంపారు. ఆయన దగ్గర బోటు కొన్నవాళ్ళలో అమెరికా అధ్యక్షుడిగా చేసిన పెద్ద బుష్ ఒకరు, తర్వాతి కాలంలో ఆయన నడిపింది మూడు మెర్క్యురీలు తగిలించిన ఫౌంటెన్ బోటు. ఆ రెజీ ఫౌంటెన్ కూడా 1970లలో మెర్క్యురీ తరఫున ఔట్‌బోర్డ్ పందేలు నడిపినవాడే.

వెనక రెండు మూడు ఇంజన్లు ఎందుకు తగిలించారంటే బలం ఒక్కటే కారణం కాదు. ఒకటి ఆగితే ఇంకొకటి ఇంటికి తెస్తుంది. కాక్‌పిట్‌లో చోటు మిగులుతుంది. లోతు తక్కువైతే పైకి ఎత్తేయొచ్చు. పాడైతే విప్పి పక్కన పెట్టి కొత్తది బిగించొచ్చు. అందుకే అలాంటి బోటు మీద ఆ తేలికపాటి వి6లే ఉండాలని నా మనసు.

గల్ఫ్‌గాలి

అందరికీ కృతజ్ఞతలు. శనివారం బాబాయ్ చెప్పినట్టే చేశాను. ఇంజన్ మీద బరువు వేస్తే గోడ కదలడం నా కంటికి కనిపించలేదు, కానీ పక్కన ఉన్న ఫ్రెండ్ కదిలిందన్నాడు. సుత్తితో కొడితే పై సగం గట్టిగానే ఉంది, కుడి ఇంజన్ కింది బోల్టుల దగ్గర మాత్రం శబ్దం మారిపోయింది. అక్కడికి ఒక చేయి దూరంలో ఎవరో ఎప్పుడో లోతు కొలిచే సెన్సార్ బిగించి తీసేసిన నాలుగు స్క్రూ రంధ్రాలు ఉన్నాయి, వాటిలో సీలెంట్ అన్నదే లేదు.

లోపలి వైపు నుంచి సన్నగా ఒక రంధ్రం వేశాను. నల్లటి నీళ్ళు ధారగా కారాయి. బావి పూడిక తీసినప్పటి వాసన. చెక్క పొడి చేత్తో పిండితే తడి. అది చూశాక కాసేపు గ్యారేజీలో అలా కూర్చుండిపోయాను.

కాకినాడ అమరం

నమస్తే అన్నా. నేను కాకినాడలో ఫైబర్ తెప్పలు, బోట్లు కట్టే షెడ్డులో పనిచేస్తాను. మీరు చెప్పే అంత పెద్ద ఇంజన్లు మా దగ్గర లేవు, మా తెప్పల వెనక ఉండేవి పది హార్స్‌పవర్ లోపువే, కానీ జబ్బు మాత్రం ఇదే. బోటు ముందును అణియం అంటాం, వెనకను అమరం. అమరం పోయిందంటే బోటు పోయినట్టే అని మా సరంగులు అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు అన్నీ ఒడ్డున ఉంటాయి, మాకు చేతినిండా అమరం పనులే.

మేము చూసినంతలో ఇంజన్ బరువు వల్ల పోయినవి తక్కువ. బోల్టు రంధ్రం వేసి, చెక్క అంచుకు రెజిన్ పూయకుండా బిగించేసిన చోటే నీళ్ళు దిగుతాయి. అందుకే ఇప్పుడు మేము పెద్ద రంధ్రం వేసి, దాన్ని గట్టి రెజిన్ ముద్దతో పూర్తిగా నింపి, ఆరాక దాని మధ్యలో బోల్టుకు సరిపడా రంధ్రం వేస్తున్నాం. బోల్టు చుట్టూ చెక్క తగలదు, చుట్టూ రెజినే. మీ పనిలో ఇది మర్చిపోకండి అన్నా. ఇంకోటి, పుచ్చింది ఒక మూలే అని ఆ ముక్క వరకే కోసి అతికించకండి. తడి చెక్క లోపల ఎంత దూరం పాకిందో కోసి చూస్తే గానీ తెలియదు.

మిచిగాన్ బాబాయ్

కాకినాడ తమ్ముడు చెప్పింది అక్షరాలా పాటించు. మొత్తం చెక్క తీసేయాలి. నేను రెండు బోట్లకు చేశాను, ఎలాగో రాస్తాను.

ముందు బోటును ట్రైలర్ మీద సమంగా నిలబెట్టి అడుగున ఆనికలు పెట్టు. వెనక గోడ తీశాక హల్ వంకర పోతే జన్మలో సరికాదు. చాలామంది తొందరలో వదిలేసేది ఇదే. తర్వాత లోపలి వైపు నుంచి ఫైబర్ పొర కోసి చెక్క తీయి, బయటి పొర అలాగే ఉండాలి, ఆకారం నిలిపేది అదే. స్ట్రింగర్లు (అడుగున పొడుగునా ఉండే దూలాలు) గోడకు కలిసే చోట కూడా గుచ్చి చూడు, గోడలోని తడి చాలాసార్లు వాటిలోకి దిగి ఉంటుంది. కొత్త కోర్‌కు (గోడ లోపల పెట్టే పలకకు) రెండు దారులు ఉన్నాయి. మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి మూడు పలకలు ఒకదానికొకటి అంటిస్తే 54, పాత మందానికి దగ్గరగా వస్తుంది. లేదంటే కూసా బోర్డు, అది ఫైబర్ కలిపిన గట్టి ఫోమ్, పుచ్చదు, తేలిక, ధర ఎక్కువ. నేనైతే ఇక ప్లైవుడ్ పెట్టను.

అంచుల దగ్గర పాత ఫైబర్‌ను ఏటవాలుగా అరగదీయాలి, మందం ఒకటైతే వాలు పన్నెండు. మీద 1708 బైయాక్సియల్ ఫైబర్ గుడ్డ (రెండు దిక్కుల్లో పోగులున్నది) పొరలు పొరలుగా. ఎపాక్సీ రెజిన్ వాడితే పొరకూ పొరకూ మధ్య ఆరనిస్తే పైన జిడ్డులాంటి పొర తేరుతుంది, దాన్ని నీళ్ళతో కడిగి, గీకి, అప్పుడు తర్వాతి పొర వేయి. మీ ఫ్లోరిడా ఉక్కలో అది ఇంకా ఎక్కువ వస్తుంది, తెల్లవారుజామున పని మొదలుపెట్టు.

గల్ఫ్‌గాలి

ఆరు వారాలు పట్టింది. కోశాక తెలిసింది, నాలుగు రంధ్రాల దగ్గర మొదలైన తడి గోడలో సగానికి పైగా పాకింది. ఒక మూలే కోసి అతికించి ఉంటే ఏమయ్యేదో. కూసా బోర్డే పెట్టాను, బోల్టు రంధ్రాలన్నీ కాకినాడ తమ్ముడు చెప్పిన పద్ధతిలో. తమ్ముడూ, ఇంగ్లిష్ వీడియోలు పది చూసినా నాకు అర్థం కాని ముక్కను నువ్వు నాలుగు వాక్యాల్లో చెప్పావు.

ఇక ఇంజన్లు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతుందో, చూశాను. ఎడమ దానికి ఆరు సిలిండర్లూ 117 నుంచి 121 పీఎస్‌ఐ మధ్య. కుడి దానికి ఐదు బాగున్నాయి, ఒకటి 85.

ఉప్పుగాలి (ఫోర్ట్ లాడర్‌డేల్)

ఆరింటి మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి, 85 అంటే ఆ సిలిండర్ గోడ గీసుకుపోయి ఉంటుంది. హెడ్ విప్పి చూడండి. పదకొండేళ్ళు పెట్రోలు కార్బురేటర్‌లో ఎండితే జెట్ (పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం) సన్నబడుతుంది, ఆ సిలిండర్‌కు పెట్రోలు తక్కువైతే నూనె కూడా తక్కువే, టూ-స్ట్రోక్‌లో రెండూ కలిసే వస్తాయి కదా. వేడెక్కి పిస్టన్ కరుస్తుంది. బాగు చేయించేటప్పుడు మూడు కార్బురేటర్లూ విప్పి శుభ్రం చేయించండి, ఒక్కదాంతో ఆపకండి, లేకపోతే కొత్త పిస్టన్‌కూ అదే గతి. నీళ్ళ పంపు ఇంపెల్లర్ రెండింటికీ కొత్తది. పాత పెట్రోలు గొట్టాలు కూడా, ఇథనాల్ కలిపిన పెట్రోలు వాటిని లోపల నుంచి తినేస్తుంది.

ఇంకొక మాట, ఇది అందరికీ. ఇంజన్ ఆపే తాడు నడిపేవాళ్ళ ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ నుంచి చట్టమే ఉంది, మీది 30 కాబట్టి చట్టం అడగదు, అయినా వేసుకోండి. నాలుగేళ్ళ క్రితం మా ఆయన ఒక అల తప్పుగా పట్టి బోటులోంచి ఎగిరి నీళ్ళలో పడ్డారు. తాడు కాలికి ఉంది కాబట్టి ఇంజన్లు ఆ క్షణమే ఆగాయి. లేకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరిగి పడినవాడి మీదికే వస్తుంది, వెనక తిరిగే రెండు ప్రాపెల్లర్లతో. ఆ రోజు ముందు సీటులో మా అమ్మాయి ఉంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

గాల్వెస్టన్ కెరటం

ఉప్పుగాలి గారూ, రాసినందుకు చాలా థ్యాంక్స్. నేను తాడు స్టీరింగ్‌కు వేలాడదీసి వదిలేసేవాణ్ణి. ఈ వారం నుంచి అలా చేయను.

గల్ఫ్‌గాలి గారూ, కొత్త ఇంజన్ల మాట నేను వెనక్కి తీసుకోను, కానీ ముందు గోడ అన్న బాబాయ్ మాట సరైనదని ఒప్పుకుంటున్నాను. నా బోటుకు నేను గోడ చూడకుండానే మార్చాను. వచ్చే వారం సుత్తి పట్టుకుంటాను.

గల్ఫ్‌గాలి

కుడి ఇంజన్ సిలిండర్ బోరు చేయించి (లోపల చెక్కించి కాస్త వెడల్పు చేయించి), కొత్త పిస్టన్లు వేయించాను, రెండు ఇంజన్లవీ కలిపి కార్బురేటర్లు ఆరు పూర్తిగా విప్పించాను. ఇంజన్లు ఇవే ఉంచుకుంటున్నాను. పాత కేబుల్ స్టీరింగ్ తీసేసి హైడ్రాలిక్ పెట్టాను, రెండు ఇంజన్లనూ కలిపే అడ్డ కడ్డీ కొత్తది.

ఆదివారం నీళ్ళలో దింపాను. కొత్త పిస్టన్లు కాబట్టి మొదటి పది గంటలూ మెల్లగానే, ట్యాంకులో నూనె కాస్త ఎక్కువ కలిపి నడిపాను, నిన్న మాత్రమే ఒక నిమిషం పూర్తిగా తెరిచాను. ఎగ్‌మాంట్ కీ దాటాక నీళ్ళు బాగా నునుపుగా ఉన్నాయి. 5300 ఆర్పీఎం, జీపీఎస్‌లో గంటకు 56 మైళ్ళు. అంతకంటే ఎక్కడం లేదు. ప్రాపెల్లర్లు 24 పిచ్ (జారకపోతే ఒక చుట్టుకు 24 అంగుళాలు ముందుకు), గేర్ 1.87 (ఇంజన్ 1.87 చుట్లకు ప్రాపెల్లర్ ఒక చుట్టు). 50 దాటాక ట్రిమ్ (ఇంజన్ల వాలు) పైకి తీస్తే బోటు అటూ ఇటూ ఊగడం మొదలైంది, భయమేసి తగ్గించాను. ఏం చేయాలి?

ఉప్పుగాలి

ఆ ఊగడాన్ని చైన్ వాక్ అంటారు. డీప్ వీ బోటు బాగా పైకి లేచాక సన్నటి గీత మీద పరుగెడుతుంది, ఒక పక్కకు వాలితే మీరు స్టీరింగ్ తిప్పుతారు, మీ చేయి ఆలస్యంగా పడుతుంది, ఊపు పెరుగుతుంది. ఠక్కున గ్యాస్ వదిలేయకండి, ముందు ట్రిమ్ కొంచెం లోపలికి, తర్వాత మెల్లగా స్పీడు తగ్గించండి. హైడ్రాలిక్ పెట్టి మంచి పని చేశారు, వదులు కేబుల్‌తో అయితే ఇంకా ముందే మొదలయ్యేది. నునుపు నీళ్ళలో, ఒంటరిగా, 45 దగ్గర నుంచి కొంచెం కొంచెం అలవాటు చేసుకోండి.

మిచిగాన్ బాబాయ్

లెక్క వేశాను. 5300ని 24తో హెచ్చవేసి, 1.87తో, మళ్ళీ 1056తో (నిమిషానికి అంగుళాలను గంటకు మైళ్ళుగా మార్చే అంకె) భాగిస్తే 64.4 మైళ్ళు. ప్రాపెల్లర్ నీళ్ళలో జారిపోవడం, అంటే జారుడు, లేకపోతే రావాల్సింది అది. నీకు వచ్చింది 56. అంటే 13 శాతం జారుడు, ఇలాంటి బోటుకు అదేం ఎక్కువ కాదు, ప్రాప్ నీళ్ళు బాగానే పట్టుకుంటోంది. సమస్య ఏంటంటే ఇంజన్ తన పై హద్దుకు చేరడం లేదు, ఆ కాలపు 200లు 5800 దాకా పోవాలి. బరువైన మూట నెత్తిన పెట్టుకుని ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంది దానికి. టూ-స్ట్రోక్‌ను అలా ముక్కించడం పిస్టన్లకు మంచిది కాదు, నువ్వు ఇప్పుడే కొత్తవి వేయించావు.

22 పిచ్‌వి ఎవరి దగ్గరైనా అరువు తీసుకుని చూడు, కొనకు. అంగుళం తగ్గితే 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది, రెండుకు 5600, 5700 రావాలి. స్పీడు దాదాపు అంతే ఉంటుంది, ఒక మైలు తగ్గినా తగ్గొచ్చు, కానీ అలల్లోంచి లేవడం తేలికవుతుంది. అది కుదిరాక ఇంజన్లను ఒక రంధ్రం పైకి, అంటే ముప్పావు అంగుళం, ఎత్తి చూడొచ్చు. అప్పుడు ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళ ప్రెషర్ గేజీ మీదే కళ్ళు ఉండాలి, పడిపోతే వెంటనే కిందికి దించు. ఒకేసారి రెండూ మార్చకు, ఏది పనిచేసిందో తెలియదు.

పాత నీళ్ళు

22లు నా దగ్గర ఒక జత ఉన్నాయి, స్టీలువి, కుడి ఒకటి ఎడమ ఒకటి. నేను సారసోటాలో ఉంటాను, గంట దూరం. శనివారం తెచ్చి ఇస్తాను, ఆ వంశపు అడుగు నీళ్ళ మీద ఎలా పోతుందో నాకూ చూడాలని ఉంది.

గల్ఫ్‌గాలి

తప్పకుండా రండి అన్నా. ఉదయం 7 గంటలకు ఫోర్ట్ డిసోటో ర్యాంపు దగ్గర ఉంటాను, ఆ వేళకు గాలి ఉండదు. మా ఆవిడ ఉప్మా కట్టిస్తానంది. కాకినాడ తమ్ముడూ, గోడ లోపలి వైపు ఫొటోలు రేపు పెడతాను, బోల్టుల చుట్టూ ఒకసారి నీ కళ్ళతో చూసి చెప్పు.

కాకినాడ అమరం

పెట్టండి అన్నా. కింది రెండు బోల్టులవి దగ్గరగా తీయండి, నీళ్ళలోంచి తీసిన వెంటనే, ఆరకముందే. చెమ్మ ఊరుతుంటే అప్పుడే కనిపిస్తుంది.